రిపోర్టు ఒకరిది, జన్యువు కుటుంబానిది

క్యాన్సర్ ఆసుపత్రికి మొదటిసారి వెళ్లినవారిని డాక్టరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "మీ కుటుంబంలో ఇంకెవరికైనా క్యాన్సర్ వచ్చిందా?" చాలామంది వెంటనే "లేదండీ" అనేస్తారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కుటుంబం అనగానే ఇంట్లో కలిసి ఉంటున్న నలుగురైదుగురే గుర్తొస్తారు. పెళ్లయి ఇంటిపేరు మారిన మేనత్త గుర్తుకు రాదు. ముప్పై ఏళ్ల కిందట "కడుపులో గడ్డ" లేచి చనిపోయిన నాయనమ్మ గుర్తుకు రాదు. రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ల జబ్బు కాబట్టి అమ్మ వైపు చూసుకుంటే చాలని ఇంకొందరి నమ్మకం. నాన్న వైపు నుంచి కూడా అది అంతే సులువుగా రాగలదని వారికి ఎవరూ చెప్పి ఉండరు.

వంశపారంపర్యంగా వచ్చే రొమ్ము క్యాన్సర్ ముప్పును కనిపెట్టే జన్యు పరీక్ష ఇప్పుడు మన దేశంలో సులువుగా దొరుకుతోంది. కొంచెం రక్తమో, లాలాజలమో ఇస్తే కొన్ని వారాల్లో రిపోర్టు చేతికొస్తుంది. అయితే ఆ పరీక్ష ఎవరికి చేయాలి, ఎవరికి ముందు చేయాలి, వచ్చిన ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలి, ఇంట్లో ఎవరెవరికి చెప్పాలి అని కూర్చోబెట్టి వివరించే మనిషి మాత్రం అంత సులువుగా దొరకడు. ఈ పని చేసేవారిని జెనెటిక్ కౌన్సెలర్ అంటారు. పరీక్షను వైద్యంలో భాగంగా, కౌన్సెలింగ్‌ను అదనపు సౌకర్యంగా చూడటం మన ఆరోగ్య వ్యవస్థ చేస్తున్న పొరపాటు. కౌన్సెలింగ్ లేని జన్యు పరీక్ష అసంపూర్ణమైన వైద్యం. కొన్ని సందర్భాల్లో అది హాని కూడా చేస్తుంది. ప్రభుత్వ డబ్బుతో పరీక్షలు చేయించే రోజు వస్తే, అంతకంటే ముందు ప్రభుత్వ డబ్బుతో కౌన్సెలింగ్ రావాలి.

అసలు ఈ జన్యువులు చేసే పనేమిటి?

గ్లోబోకాన్ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1 లక్షా 92 వేల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. సుమారు 98 వేల మంది మరణించారు. వీరిలో ఎక్కువ మందికి ఇది వారసత్వంగా వచ్చినది కాదు. వయసు, హార్మోన్లు, జీవనశైలి, కేవలం యాదృచ్ఛికత, ఇలా అనేక కారణాలు కలిసి తెచ్చినది. తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన ఒక్క జన్యువులోని బలమైన లోపం ప్రధాన కారణమయ్యేది 5 నుంచి 10 శాతం కేసుల్లోనే. శాతంగా చూస్తే ఇది చిన్నదే. మనుషులుగా లెక్కేస్తే ఏడాదికి సుమారు పది వేల నుంచి పంతొమ్మిది వేల మంది. ఒక్కొక్కరి వెనుక అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, పిల్లలు ఉంటారు.

ఈ లోపాల్లో ఎక్కువగా వినిపించే పేర్లు బీఆర్‌సీఏ-1, బీఆర్‌సీఏ-2. మొదటిది 17వ క్రోమోజోమ్ మీద ఉందని 1990లో అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం చూపించింది. రొమ్ము క్యాన్సర్ లాంటి సంక్లిష్టమైన జబ్బు వెనుక వారసత్వంగా వచ్చే ఒక్క జన్యువు ఉండగలదంటే అప్పట్లో చాలామంది శాస్త్రవేత్తలు నమ్మలేదు. ఆ జన్యువు క్రమాన్ని 1994లో కనుగొన్నారు. 13వ క్రోమోజోమ్ మీద ఉన్న రెండోదాన్ని 1995లో గుర్తించారు. పీఏఎల్‌బీ-2, టీపీ-53 వంటివి కూడా ఈ జాబితాలో ఉన్నాయి.

వీటిని క్యాన్సర్ జన్యువులు అనడం పొరపాటు. బీఆర్‌సీఏ జన్యువులు అందరిలోనూ ఉంటాయి, మగవాళ్లలో కూడా. డీఎన్‌ఏలోని రెండు పోగులూ ఒకేచోట తెగిపోయినప్పుడు వాటిని తప్పుల్లేకుండా అతికించే మరమ్మతు బృందంలో ఇవి సభ్యులు. ప్రతి కణంలో ఈ జన్యువుకు రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఒక ప్రతి పుట్టుకతోనే చెడిపోయి ఉన్నా రెండోది పని నెట్టుకొస్తుంది. ఎప్పుడో ఒక కణంలో ఆ రెండోది కూడా పాడైతే మరమ్మతు ఆగిపోతుంది, తప్పులు పేరుకుపోతాయి, క్యాన్సర్‌కు దారి ఏర్పడుతుంది. పిల్లలకు సంక్రమించేది ముప్పే. క్యాన్సర్ సంక్రమించదు. చెడిన ప్రతి ఉన్నవారి నుంచి ఒక్కో బిడ్డకు, ఆడైనా మగైనా, అది వెళ్లే అవకాశం సరిగ్గా సగం.

ముప్పు ఎంత? వేల మంది మహిళలను ఏళ్ల తరబడి గమనించి 2017లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం బీఆర్‌సీఏ-1లో హానికర మార్పు ఉన్నవారికి 72 శాతం, బీఆర్‌సీఏ-2లో ఉన్నవారికి 69 శాతం. అండాశయ క్యాన్సర్ ముప్పు 44 శాతం, 17 శాతం. మన దేశంలో సాధారణ మహిళకు 74 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 29 మందిలో ఒకరికి అని జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ సమాచారం చెబుతోంది. తేడా చాలా పెద్దది. అయితే ఆ అధ్యయనంలోని కుటుంబాలు ఎక్కువగా ఐరోపా మూలాలవి. మనవాళ్లకు అంకెలు అచ్చం అలాగే ఉంటాయని అనుకోకూడదు.

72 శాతం అంటే ఏమిటి?

ఒక యువతి రిపోర్టులో 72 శాతం అనే అంకె కనిపించిందనుకోండి. ఆమె మనసులో అది "నాకు క్యాన్సర్ వచ్చేసినట్టే" అని మారిపోతుంది. కానీ అది 80 ఏళ్ల వయసు వరకూ పోగైన ముప్పు. అదే అధ్యయనం ప్రకారం ముప్పైల్లో ఉన్నవారికి ముప్పు ఏడాదికి సుమారు ఒకటి నుంచి రెండున్నర శాతం. ఇది తక్కువేం కాదు. కానీ ఆలోచించుకోవడానికి, పిల్లల్ని కనడం గురించి నిర్ణయించుకోవడానికి, క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకోవడానికి సమయం ఉందని ఈ రెండో అంకె చెబుతుంది. మొదటి అంకె ఒక్కటే చూస్తే ఆ సమయం కనిపించదు. రెండూ నిజమే. ఏది ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పాలన్నది కౌన్సెలింగ్.

ఫిజిక్స్ ల్యాబ్‌లో మొదటి ఏడాదే నేర్పే పాఠం ఒకటుంది. దోషపరిమితి రాయని కొలత సగం కొలతే. జన్యు పరీక్షకు కూడా ఇది వర్తిస్తుంది. ఇక్కడ దోషపరిమితిని కాగితం మీద రాస్తే సరిపోదు. దాన్ని అర్థం చేయించడానికి ఒక మనిషి ఎదురుగా కూర్చోవాలి. అదీ రోగికి వచ్చిన భాషలో.

మన భాష ఇక్కడ చాలా సాయపడుతుంది. కౌన్సెలర్ చేసే మొదటి పని మూడు తరాల వంశవృక్షం గీయడం. ఎవరికి ఏ క్యాన్సర్, ఏ వయసులో వచ్చింది అని రాసుకోవడం. ఇంగ్లిష్‌లో ఆంట్ అంటే ఎవరో మళ్లీ అడగాలి. తెలుగులో మేనత్త అంటే నాన్న తోబుట్టువు, మేనమామ అంటే అమ్మ తోబుట్టువు. రక్తసంబంధం ఎటువైపుదో మాటలోనే ఉంది. అయినా జాగ్రత్త కావాలి. పెద్దమ్మ అంటే అమ్మకు అక్క కావచ్చు, పెదనాన్న భార్య కావచ్చు. పిన్ని విషయంలోనూ ఇంతే. ఆమె క్యాన్సర్ మొదటి సందర్భంలో లెక్కలోకి వస్తుంది, రెండో సందర్భంలో రాదు. తెలుగు కుటుంబాలను ఎరిగినవారు ఈ చిక్కును రెండు ప్రశ్నల్లో విప్పగలరు. ఇంగ్లిష్ ఫారం విప్పలేదు.

ముందు ఎవరికి?

పరీక్ష ఎవరితో మొదలుపెట్టాలన్న విషయంలోనే అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగే అవకాశం ఉంది. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. అక్కకు 38 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 33 ఏళ్ల చెల్లెలు భయపడి తనకు తానే పరీక్ష చేయించుకుంది. నెగెటివ్ వచ్చింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ నెగెటివ్‌కు రెండు అర్థాలు ఉండొచ్చు. అక్కలో బీఆర్‌సీఏ లోపం ఉండి, అది చెల్లెలికి రాకపోయి ఉండొచ్చు. అప్పుడు చెల్లెలి ముప్పు దాదాపు సాధారణ మహిళతో సమానం. లేదా అక్క క్యాన్సర్‌కు కారణం ఈ పరీక్ష చూడని వేరే జన్యువో, ఇంకేదో అయి ఉండొచ్చు. అప్పుడు చెల్లెలి నెగెటివ్ దాదాపు ఏమీ చెప్పనట్టే. ఆమె నిశ్చింతగా ఉండిపోతే ప్రమాదం.

అందుకే వీలైనంత వరకూ ముందు క్యాన్సర్ వచ్చినవారికే పరీక్ష చేయాలి. వారిలో హానికర మార్పు ఏదో తెలిస్తే ఆ తర్వాత రక్తసంబంధీకులకు ఆ ఒక్క మార్పు ఉందా లేదా అని మాత్రమే చూస్తే చాలు. ఆ పరీక్ష చౌక. జవాబు కూడా స్పష్టంగా ఉంటుంది, అవును లేదా కాదు. తోబుట్టువుల్లో, పిల్లల్లో సగటున సగం మందికి "మీకు లేదు" అనే జవాబు వస్తుంది. భయం మోసుకుంటూ బతుకుతున్నవారికి ఆ మాట ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు. మిగతా సగం మందికి ముందుగా జాగ్రత్తపడే అవకాశం దొరుకుతుంది. ఒక రోగితో మొదలై కుటుంబం అంతటా సాగే ఈ వరుస పరీక్షల పద్ధతి, ఆరోగ్యంగా ఉన్నవారందరికీ గుడ్డిగా పరీక్షలు చేయడం కంటే ఎంతో తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రయోజనం ఇస్తుంది.

క్యాన్సర్ వచ్చినవారందరికీ ఈ పరీక్ష అవసరమా? చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ రావడం, ట్రిపుల్ నెగెటివ్ రకం కావడం, రెండు రొమ్ములకూ రావడం, అండాశయ క్యాన్సర్ రావడం, మగవారిలో రొమ్ము క్యాన్సర్ రావడం, దగ్గరి బంధువుల్లో ఇలాంటివి కనిపించడం, ఇవన్నీ పరీక్ష గురించి డాక్టరును అడగాల్సిన సూచనలు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో రొమ్ము క్యాన్సర్ చిన్న వయసులో బయటపడుతున్న వారి వాటా, ట్రిపుల్ నెగెటివ్ వాటా రెండూ ఎక్కువే.

అర్థం తేలని మార్పు

పాజిటివ్, నెగెటివ్ కాకుండా మూడో జవాబు ఒకటుంది. జన్యువులో ఒక మార్పు కనిపించింది, కానీ అది హానికరమో కాదో చెప్పడానికి తగిన ఆధారాలు లేవు అని రిపోర్టు చెబుతుంది. ఇది ల్యాబ్ తప్పు కాదు. ఒక మార్పు హానికరమని తేల్చాలంటే ఎంతోమంది రోగుల్లోనూ, ఆరోగ్యవంతుల్లోనూ అది ఎంత తరచుగా కనిపిస్తుందో తెలియాలి. ప్రపంచంలోని జన్యు సమాచార నిధుల్లో ఐరోపా మూలాల వారి వాటా చాలా ఎక్కువ, మనవాళ్ల వాటా తక్కువ. కాబట్టి మన రిపోర్టుల్లో ఈ మూడో జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

ఈ జవాబు చూసి భయంతో రొమ్ములు, అండాశయాలు తీయించుకోకూడదు. అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి. కాలం గడిచి సమాచారం పెరిగేకొద్దీ ఇలాంటి మార్పుల్లో ఎక్కువ భాగం హాని చేయనివేనని తేలుతుంది. ఈ మాట ముందే, అంటే రక్తం ఇవ్వకముందే, చెప్పి ఉంచాలి. రిపోర్టు వచ్చాక చెబితే ఎవరూ నమ్మరు. ల్యాబ్ ఏదో దాస్తోందని అనుకుంటారు.

పరిష్కారం కొంతవరకు మన చేతుల్లోనే ఉంది. దేశంలోని వివిధ జనసమూహాలకు చెందిన 10 వేల మంది పూర్తి జన్యుక్రమాలను చదివిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ ఇందులో భాగస్వామి. ఇలాంటి సమాచారం పెరిగేకొద్దీ "తెలియదు" అనే జవాబులు తగ్గుతాయి. అప్పటిదాకా ఆ అనిశ్చితితో ఎలా బతకాలో చెప్పాల్సింది కౌన్సెలరే.

సంత పరిగెడుతోంది

2013 మే నెలలో నటి ఏంజెలీనా జోలీ తనకు బీఆర్‌సీఏ-1 లోపం ఉందని, ముందుజాగ్రత్తగా రెండు రొమ్ములూ తీయించుకున్నానని ప్రకటించారు. ఆ వేసవిలో బ్రిటన్‌లో కుటుంబ చరిత్ర క్లినిక్‌లకు వచ్చేవారి సంఖ్య అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు రెండున్నర రెట్లు పెరిగింది. మరుసటి నెలలోనే అమెరికా సుప్రీంకోర్టు, ప్రకృతిలో ఉన్న డీఎన్‌ఏ మీద పేటెంట్ చెల్లదని తీర్పునిచ్చి, ఈ జన్యువుల మీద మిరియడ్ అనే సంస్థకున్న గుత్తాధిపత్యాన్ని తొలగించింది. జన్యుక్రమం చదివే యంత్రాలు చౌకయ్యాయి. ఒకప్పుడు వేల డాలర్లు పలికిన పరీక్ష ఇప్పుడు మన దేశంలో వేల రూపాయల్లోకి వచ్చింది. ఇది మంచి పరిణామమే.

కానీ ధర తగ్గిన వస్తువు బజారు సరుకుగా మారడానికి ఎంతో కాలం పట్టదు. ఇంటి నుంచే లాలాజలం పంపితే చాలు, ముప్పు చెప్పేస్తామనే కిట్లు అమ్ముడవుతున్నాయి. వీటిలో ఏది ఎంత చూస్తుందో కొనేవారికి తెలియదు. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ట్వంటీత్రీ అండ్ మీ అనే కంపెనీకి బీఆర్‌సీఏ ఫలితాలను నేరుగా వినియోగదారులకు ఇచ్చేందుకు అనుమతించింది. ఆ కిట్ చూసింది మూడు మార్పులనే. అవి మూడూ ప్రధానంగా తూర్పు ఐరోపా మూలాలున్న యూదుల్లో కనిపించేవి. ఈ జన్యువుల్లో తెలిసిన మార్పులు వెయ్యికి పైగా ఉన్నాయని ఆ సంస్థే హెచ్చరించింది. అలాంటి కిట్‌లో వచ్చిన నెగెటివ్‌ను నమ్మి ఒక తెలుగు మహిళ, ఆమె గుంటూరులో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా, మామోగ్రామ్ మానేస్తే నష్టపోయేది ఆమే.

తెలిస్తే ఏం చేయొచ్చు?

"తెలుసుకుని చేసేదేముంది, దిగులు తప్ప" అనేవారు ఉన్నారు. చేయగలిగింది చాలా ఉంది. హానికర మార్పు ఉన్న మహిళలకు 25 ఏళ్ల నుంచి ఏటా రొమ్ము ఎంఆర్ఐ, 30 నుంచి దానితోపాటు మామోగ్రామ్ చేయించుకోవాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. అండాశయ క్యాన్సర్‌ను తొలిదశలో పట్టే నమ్మకమైన స్క్రీనింగ్ లేదు కాబట్టి పిల్లలు పుట్టాక, బీఆర్‌సీఏ-1 ఉన్నవారు 35-40 మధ్య, బీఆర్‌సీఏ-2 ఉన్నవారు 40-45 మధ్య అండాశయాలు, అండవాహికలు తీయించుకోవడం మంచిదని చెబుతున్నాయి. రొమ్ములు తీయించుకునే శస్త్రచికిత్స రొమ్ము క్యాన్సర్ ముప్పును 90 శాతం వరకూ తగ్గిస్తుంది. అయితే అది తప్పనిసరి కాదు. క్రమం తప్పని పరీక్షలతో కొనసాగడం కూడా సరైన నిర్ణయమే.

ఇప్పటికే క్యాన్సర్ వచ్చినవారికి ఈ పరీక్ష చికిత్సనే మార్చగలదు. బీఆర్‌సీఏ లోపం వల్ల మరమ్మతు శక్తి తగ్గిన క్యాన్సర్ కణాలను, మరో మరమ్మతు మార్గాన్ని కూడా మూసేసి చంపవచ్చని 2005లో రెండు పరిశోధక బృందాలు చూపించాయి. ఆ సూత్రంతో వచ్చిన ఓలాపారిబ్ అనే మందు, తిరగబెట్టే ముప్పు ఎక్కువగా ఉన్న తొలిదశ రోగుల్లో క్యాన్సర్ మళ్లీ రాకుండా కాపాడుతోందని 2021లో ఒక పెద్ద ప్రయోగం తేల్చింది.

మగవారికి కూడా ఇది సంబంధించిన విషయమే. బీఆర్‌సీఏ-2 లోపం ఉన్న పురుషులకు ప్రోస్టేట్, రొమ్ము, క్లోమ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. "ఆడపిల్లలు లేరు కదా, మనకెందుకు" అనుకునే తండ్రులు కూడా తెలుసుకోవాలి.

ఎవరికి చెప్పాలి?

అన్నిటికంటే కష్టమైన ఘట్టం ఇదే. పాజిటివ్ వచ్చిన మహిళ తన తోబుట్టువులకు చెప్పాలి. కానీ ఇంట్లో పెళ్లి కావలసిన అమ్మాయి ఉంటుంది. విషయం బయటికి పొక్కితే సంబంధాలు రావని భయం. అత్తింట్లో మాట పడాల్సి వస్తుందని భయం. ఈ భయాలను అజ్ఞానం అని కొట్టిపారేయడం సులువు. కానీ అవి అనుభవం నుంచి వచ్చినవి. కౌన్సెలర్ పని వాటిని తిట్టడం కాదు. ఎవరికి ముందు చెప్పాలి, ఎలా చెప్పాలి, ఎవరు పక్కన ఉంటే మంచిది అని ఆమెతో కలిసి ఆలోచించడం. చిన్నపిల్లలకు ఈ పరీక్ష చేయకూడదని, పెద్దయ్యాక వాళ్లే నిర్ణయించుకోవాలని చెప్పడం.

మేనరికం గురించిన అపోహ కూడా ఇక్కడే తీర్చాలి. బీఆర్‌సీఏ ముప్పుకు ఒకరి నుంచి ఒక చెడు ప్రతి వస్తే చాలు. కాబట్టి మేనరికం వల్లే ఈ క్యాన్సర్ వచ్చిందనడం తప్పు. అయితే ఒకే కుటుంబంలోని బావామరదళ్లిద్దరికీ ఒకే బీఆర్‌సీఏ-2 లోపం ఉండి వాళ్లు పెళ్లి చేసుకుంటే, ఒక్కో బిడ్డకు రెండు చెడు ప్రతులూ అందే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ బిడ్డకు ఫాంకోని ఎనీమియా అనే అరుదైన, తీవ్రమైన జబ్బు రావచ్చు. మేనరికాలు ఇంకా ఉన్న మన ప్రాంతంలో పెళ్లికి ముందు చెప్పాల్సిన మాట ఇది.

చట్టం వైపు నుంచి భరోసా అరకొరగానే ఉంది. జన్యు కారణాలతో ఆరోగ్య బీమాలో వివక్ష చూపడం తగదని 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పునిచ్చింది. జన్యు జబ్బుల మినహాయింపును చూపి క్లెయిములు తిరస్కరించవద్దని ఆ మరుసటి నెలలో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు సూచించింది. కేసు తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లింది. అమెరికాలో 2008 నుంచి ఆరోగ్య బీమా, ఉద్యోగాల విషయంలో జన్యు వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం ఉంది. దానిలోనూ జీవిత బీమాకు రక్షణ లేదు. మనకు అలాంటి ప్రత్యేక చట్టమే లేదు. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం జన్యు సమాచారాన్ని ప్రత్యేక వర్గంగా గుర్తించలేదు. "జెనెటిక్ కౌన్సెలింగ్ సెంటర్" అన్న మాట 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టంలో ఉంది. కానీ అక్కడి ఉద్దేశం గర్భస్థ శిశువు లింగం చెప్పకుండా అడ్డుకోవడం. క్యాన్సర్ కుటుంబాలకు సలహా ఇచ్చేవారి గురించి కాదు.

ఇది విలాసమా?

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 30-49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు ఒక శాతం కంటే తక్కువ. మామూలు పరీక్షే లేనిచోట జన్యు కౌన్సెలింగ్ గురించి మాట్లాడటం విలాసం కాదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ కోట్ల మందిలో ఎవరికి ముప్పు ఎక్కువో తెలియనప్పుడు వనరులు పలచబడతాయి. ఏటా వేల కుటుంబాలు తమంతట తామే ఆసుపత్రి గుమ్మంలోకి వస్తున్నాయి. వాళ్లలో ముప్పు ఎక్కువ ఉన్నవారిని వెతకనక్కర్లేదు, అడిగితే చాలు. మన దగ్గర ఎంఆర్ఐ యంత్రాలు తక్కువ కాబట్టే అవి నిజంగా ఎవరికి అవసరమో తేల్చే పద్ధతి కావాలి.

కౌన్సెలర్లు తక్కువ అన్నది రెండో అభ్యంతరం. బ్రిటన్‌లోని రాయల్ మార్స్‌డెన్ ఆసుపత్రి ఒక దారి చూపింది. పరీక్షకు ముందు చెప్పాల్సిన విషయాలను శిక్షణ పొందిన క్యాన్సర్ డాక్టర్లు, నర్సులే చెబుతారు. పాజిటివ్ వచ్చినవారు, అర్థం తేలని ఫలితం వచ్చినవారు మాత్రమే జన్యు నిపుణుల దగ్గరికి వెళతారు. మనకూ పునాది లేకపోలేదు. ముంబయిలోని టాటా మెమోరియల్ సెంటర్‌లో క్యాన్సర్ జన్యు విభాగం ఉంది. హైదరాబాద్‌లోని నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం, సీడీఎఫ్‌డీలో జన్యు నిర్ధారణ సేవలు ఉన్నాయి. జన్యు పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ అవసరమని ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు చెబుతున్నాయి. కావాల్సింది ఆ మాటను బడ్జెట్‌లోకి తీసుకురావడం.

నేను అడిగేవి నాలుగు. ఒకటి, ప్రతి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో స్థానిక భాషలో మాట్లాడే శిక్షిత జెనెటిక్ కౌన్సెలర్ కనీసం ఒక్కరు ఉండాలి. జిల్లాల వారికి టెలిమెడిసిన్ ద్వారా వారిని కలిసే ఏర్పాటు ఉండాలి. రెండు, ఆయుష్మాన్ భారత్‌లోనూ, ఆరోగ్యశ్రీ వంటి రాష్ట్ర పథకాల్లోనూ అర్హులైన రోగులకు పరీక్షను, దానికి ముందూ తర్వాతా కౌన్సెలింగ్‌ను, హానికర మార్పు తేలితే బంధువుల పరీక్షలను ఒకే ప్యాకేజీగా స్పష్టంగా చేర్చాలి. మూడు, ప్రతి ల్యాబ్ రిపోర్టుతో పాటు ఒక పేజీ సారాంశాన్ని రోగి భాషలో ఇవ్వాలి. ఏ జన్యువులు చూశారో, ఏవి చూడలేదో అందులో ఉండాలి. అర్థం తేలని మార్పు తర్వాత ఎప్పుడైనా తేలితే రోగికి కబురు పెట్టే బాధ్యత ల్యాబ్‌దే కావాలి. నాలుగు, బీమాలో, ఉద్యోగాల్లో జన్యు వివక్షను నిషేధించే చట్టం రావాలి. ఆ భరోసా లేకుండా "తోబుట్టువులకు చెప్పండి" అని రోగిని కోరడం మొత్తం బరువును ఆమె మీదే పెట్టడం అవుతుంది.

ఇవన్నీ జరిగేలోపు ప్రతి ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. ఈసారి పండక్కో, పెళ్లికో అందరూ కలిసినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. నాయనమ్మ ఏ జబ్బుతో పోయింది? మేనత్తకు ఆపరేషన్ ఎందుకు చేశారు? అప్పుడు ఆమెకు ఎన్నేళ్లు? రెండు వైపులవీ ఒక కాగితం మీద రాసి దాచుకోండి. దానికి ల్యాబ్ అక్కర్లేదు, ఖర్చు లేదు. డాక్టరు "మీ కుటుంబంలో ఇంకెవరికైనా?" అని అడిగినప్పుడు ఆ కాగితం తీసి చూపించండి. పరీక్ష అవసరమా కాదా అన్న చర్చ అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.